ప్లాస్టిక్ షీటుతో 1:24 జీపు: కొలతల నుంచి రంగు దాకా

కారు నమూనాను మొదటి ముక్క నుంచి సొంత చేతులతో కట్టాలనుకునేవారి మనసు ముందుగా అంబాసిడర్ వైపు పోతుంది. ఆ ఇష్టం నాకూ ఉంది. అయినా మొదటి నమూనాగా దాన్ని ఎంచుకోవద్దనే చెబుతాను. అంబాసిడర్ ఒంటి మీద చదునైన చోటు వెతికినా దొరకదు. బానెట్, డిక్కీ, పైకప్పు, మడ్‌గార్డులు అన్నీ రెండు దిక్కుల్లోనూ వంగి ఉంటాయి. ప్లాస్టిక్ షీటు ఒక దిక్కుకు చక్కగా వంగుతుంది, ఒకేసారి రెండు దిక్కులకు వంగమంటే వంగదు. అందుకే పాత మహీంద్రా జీపుతో మొదలుపెట్టండి. దాని పక్కలు చదును, ముందు అద్దం చదును, మడ్‌గార్డుల పైభాగం చదును. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేగంగా, వేల సంఖ్యలో తయారు కావడానికి రూపొందిన బండి సంతతి అది. రేకుతో తేలికగా చేయగలిగేలా గీసిన రూపం కాబట్టి షీటుతోనూ తేలికగా వస్తుంది.

మన ఊళ్లలో తిరిగిన జీపుల్లో ఎక్కువ వాటికి మూలం అమెరికాలో 1953లో వచ్చిన విల్లీస్ సీజే-3బి. కొత్తగా పెట్టిన ఇంజను ఎత్తుగా ఉండటంతో బానెట్‌ను పైకి లేపాల్సి వచ్చింది. ఎదురుగా చూస్తే కనిపించే ఆ ఎత్తైన ముక్కే ఈ జీపుకు గుర్తు. మహీంద్రా సంస్థ ఆ రూపాన్ని రకరకాల పేర్లతో దశాబ్దాల పాటు కొనసాగించింది. మెకానిక్ షెడ్డుల్లో, పాత ఎస్టేట్లలో, ఏజెన్సీ రోడ్ల మీద ఇప్పటికీ కనబడుతుంది కాబట్టి మీరు వెళ్లి చేత్తో ముట్టుకుని కొలుచుకోవచ్చు. ఈ పనిలో అంతకు మించిన సౌకర్యం లేదు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు నాలుగు వైపులా ఒకదానితో ఒకటి సరిపోవు. టేపు పెట్టి మీరే తీసుకున్న కొలతలతో ఆ చిక్కు రాదు.

కొలతలు

1:24 నిష్పత్తి ఎందుకంటే, అసలు బండిలో ఒక అడుగు నమూనాలో సరిగ్గా అర అంగుళం అవుతుంది. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. అసలు బండిలో ఒక అంగుళం నమూనాలో 1.058 మిల్లీమీటర్లు. అంటే అంగుళాల్లో కొలిచిన సంఖ్యను మిల్లీమీటర్లుగా రాసుకుని దానికి నూటికి ఆరు చొప్పున కలిపితే చాలు. సీజే-3బి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు. 80కి దాదాపు 5 కలిపితే 85. కచ్చితంగా లెక్కిస్తే 84.7 మి.మీ. బండి మొత్తం పొడవు దగ్గర దగ్గర 130 అంగుళాలు, నమూనాలో 137.5 మి.మీ. అంటే అరచేతిలో పట్టే సైజు. చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న రకాలు కూడా మన దగ్గర చాలా తిరిగాయి. అందువల్ల నా అంకెలను అలాగే వాడేయకుండా మీ ముందున్న జీపును కొలవండి.

కొలిచేందుకు మెకానిక్ షెడ్డు మంచి చోటు. పోలీసు, అటవీ శాఖల జీపుల దగ్గరకు అనుమతి లేకుండా టేపు పట్టుకుని వెళ్లవద్దు. షెడ్డులో మేస్త్రీని అడిగి, పని తక్కువగా ఉన్న పూట వెళ్లండి. విప్పి పెట్టిన జీపు దొరికితే మీ అదృష్టం, మామూలుగా కనిపించని ఛాసిస్ (అడుగు చట్రం), కమాను పట్టీలు (స్ప్రింగు పట్టీలు) అన్నీ ఫొటో తీసుకోవచ్చు.

మొదట పెద్ద కొలతలు రాసుకోండి. మొత్తం పొడవు, చక్రాల మధ్య దూరం, నేల నుంచి బానెట్ ఎత్తు, నేల నుంచి పక్క పలక పై అంచు ఎత్తు, ముందు బంపర్ నుంచి ముందు చక్రం మధ్య దాకా, వెనక చక్రం మధ్య నుంచి వెనక అంచు దాకా. తర్వాత బానెట్ వెడల్పును రెండు చోట్ల కొలవండి, ముందు ఒకసారి, అద్దం దగ్గర ఒకసారి. జీపు బానెట్ ముందుకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నదనం మర్చిపోతే నమూనా డబ్బాలా కనిపిస్తుంది. గ్రిల్‌లో చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకి తొమ్మిది, తర్వాతి సీజేలకు ఏడు. మీ ముందున్న బండికి ఎన్ని ఉన్నాయో అదే లెక్క.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. ఫోను పట్టుకుని బండికి దగ్గరగా నిలబడి తీస్తే ముందు చక్రం పెద్దదిగా, వెనకది చిన్నదిగా పడుతుంది. వీలైనంత దూరం వెళ్లి, జూమ్ చేసి, ఫోనును చక్రం మధ్యభాగం ఎత్తులో పట్టుకుని తీయండి. బండికి ఆనించి ఒక స్కేలు కర్రను నిలబెడితే ఫొటోలోనే కొలత ఉంటుంది. పక్క నుంచి తీసిన ఫొటోను చక్రాల మధ్య దూరం 84.7 మి.మీ. వచ్చేలా కంప్యూటర్‌లో కుదించి ప్రింటు తీసుకోండి. జిరాక్స్ షాపులో శాతం లెక్కన తగ్గించి కూడా ఇస్తారు. ఆ కాగితం పని పూర్తయ్యేదాకా మీ బల్ల మీదే ఉండాలి.

ముందు అట్టతో

షీటు కొయ్యకముందు అట్టతో మొత్తం జీపును ఒకసారి కట్టండి. ఈ మెట్టును దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పాత పెళ్లి కార్డులు ఎలాగూ ఉంటాయి, ఆ అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. పక్కలు, నేల, బానెట్, అద్దం చట్రం, మడ్‌గార్డులు అన్నీ కత్తిరించి టేపుతో అతికించండి. చక్రాల స్థానంలో 30 మి.మీ. అట్ట బిళ్లలు పెట్టండి. బల్ల అంచు దగ్గర కూర్చుని, కళ్లు నమూనా ఎత్తుకు దించి చూడండి. ఆ ఎత్తు నుంచే మనం రోడ్డు మీద అసలు బండిని చూస్తాం. తర్వాత అదే కోణంలో ఫొటో తీసి అసలు జీపు ఫొటో పక్కన పెట్టండి.

తేడాలు వెంటనే కంటికి తగులుతాయి. ఎక్కువగా కనిపించేవి మూడు: బానెట్ ఎత్తు తక్కువ కావడం, చక్రాలు లోపలికి పోవడం, ముందు అద్దం మరీ నిటారుగా ఉండటం. సన్నని వివరాలన్నీ ఉండి కూడా జీపులా కనిపించని నమూనాలు చాలా ఉంటాయి. కొలతల్లో సరిగ్గా ఉండి, వైపర్ కూడా లేని నమూనాను చూసిన ఎవరైనా “జీపు” అనే అంటారు. నా దృష్టిలో ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. అట్ట నమూనా నచ్చేదాకా మార్చండి, నచ్చాక విప్పి ఆ ముక్కలనే అచ్చులుగా వాడుకోండి.

షీటు, జిగురు, పనిముట్లు

కావలసింది తెల్లని పాలిస్టైరిన్ షీటు. మందాలు 0.25, 0.5, 1, 1.5 మి.మీ. ఉంటే చాలు. హాబీ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో స్టైరిన్ షీటు అని అడిగితే దొరుకుతుంది. స్టేషనరీ షాపులో ప్రాజెక్టుల కోసం అమ్మే సన్‌బోర్డు వేరు. అది నురుగు పలక. అంచు గరుకుగా వస్తుంది, సన్నని పనికి పనికిరాదు. చిన్న ముక్కల సాధన కోసం పెరుగు కప్పుల అడుగున చూడండి, త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలిస్టైరినే.

జిగురుగా పల్చని ప్లాస్టిక్ సిమెంటు వాడాలి. తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటివి నీళ్లలా ఉంటాయి. రెండు ముక్కలను కలిపి పట్టుకుని, కుంచెతో అతుకు దగ్గర తాకిస్తే సందులోకి దానంతట అదే పారుతుంది. అది ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటిగా కలుపుతుంది, అందుకే అంత గట్టిగా ఉంటుంది. లోహాన్ని ప్లాస్టిక్‌కు అతికించాలంటే ఫెవిక్విక్ లాంటి జిగురు కావాలి. అద్దాల దగ్గర మాత్రం దాన్ని వాడకండి. దాని ఆవిరి తగిలి పారదర్శక షీటు మీద తెల్లని మసక పడుతుంది. అద్దాలకు ఫెవికాల్ చాలు, ఆరితే కనిపించదు. ఏ జిగురైనా కిటికీ తెరిచి వాడండి. యాక్రిలిక్ బోర్డులు చేసేవారి దగ్గర దొరికే డైక్లోరోమీథేన్ కూడా పాలిస్టైరిన్‌ను అతికిస్తుంది, కానీ దాని ఆవిరి ఒంటికి చాలా చెరుపు. ఇంట్లోకి తేవద్దు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. పదునైన కత్తి, స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, సన్నని ఆకురాళ్లు, పట్టకారు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, 400 నుంచి 2000 దాకా నీళ్లతో రుద్దే ఉప్పు కాగితం. డబ్బు ఎక్కువ పెట్టాల్సి వస్తే కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ మీద పెట్టండి.

కోయడం, కట్టడం

షీటును ఆరపార కొయ్యకండి. స్కేలు ఆనించి కత్తితో రెండు మూడు సార్లు తేలికగా గీత పెట్టి, గీత దగ్గర వంచితే పుటుక్కున విరుగుతుంది. అంచు నిటారుగా వస్తుంది. విరిచిన చోట కాస్త ఉబ్బిన అంచును కత్తిని నిలువుగా పట్టుకుని గీకేయండి. తలుపు చోటున ఉండే వంపు కోత లాంటి వాటికి మాత్రం వరసగా చిన్న రంధ్రాలు వేసి, వాటిని కలిపి, గుండ్రని ఆకురాయితో సరిచేయాలి.

పక్క పలకలు రెండింటికీ 1 మి.మీ. షీటు తీసుకోండి. రెండు ముక్కలను రెండు వైపులా అంటుకునే టేపుతో ఒకదాని మీద ఒకటి అతికించి, ఒకేసారి ఆకురాయి పట్టండి. అప్పుడు ఎడమ, కుడి ఒక్కలాగే వస్తాయి. విడివిడిగా చేస్తే ఎంత జాగ్రత్తపడినా తలుపు వంపు ఒక వైపు కాస్త ఎక్కువగా పోతుంది, ఆ తేడా ముందు నుంచి చూసేవారికి వెంటనే తెలిసిపోతుంది. విడదీశాక పెట్రోలు మూత లాంటివి ఏ వైపు ఉన్నాయో ఫొటో చూసి పెట్టండి. స్టీరింగు కుడి వైపు. విదేశీ బొమ్మలు చూసి కట్టేటప్పుడు ఈ ఒక్కటి మర్చిపోకండి.

నేలను, రెండు పక్కలను, వెనక పలకను కలిపేటప్పుడు లోపలి మూలల్లో 2 మి.మీ. చదరపు పట్టీలు పెట్టండి. ప్రతి మూలనూ మూలమట్టంతో సరిచూసి అప్పుడే జిగురు తాకించండి. జిగురు పెట్టిన వెంటనే ఆకురాయి పట్టవద్దు, ఒక రాత్రి ఆగండి. కరిగి మెత్తబడిన ప్లాస్టిక్ ఆరుతూ కుంగుతుంది. తొందరపడి అప్పుడే నున్నగా చేస్తే, రంగు వేసిన కొద్ది వారాలకు అతుకు గీత మళ్లీ బయటపడుతుంది.

రెండు షీట్లను ఒకదాని మీద ఒకటి పరచి అతికించినప్పుడు, లేదా నాలుగు వైపులా మూసిన డబ్బా కట్టినప్పుడు, లోపల జిగురు ఆవిరి చిక్కుకుంటుంది. అది బయటికి పోయే దారి లేక లోపలి నుంచే ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. నెల తర్వాత పలక వంకర పోతుంది. కనిపించని చోట రెండు మూడు రంధ్రాలు వదలండి. మడ్‌గార్డులకు, బానెట్‌కు, సీటు అడుగు పెట్టెకు ఇది తప్పనిసరి.

ఇక మందం సంగతి. అసలు జీపు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. మన 1 మి.మీ. షీటు ఆ నిష్పత్తిలో 24 మి.మీ. మందపు గోడ. పలకలు గట్టిగా ఉండాలంటే ఆ మందం కావాలి, కంటికి మాత్రం మోటుగా కనిపిస్తుంది. పరిష్కారం ఏమిటంటే, బయటికి కనిపించే అంచులను మాత్రమే లోపలి వైపు నుంచి ఏటవాలుగా గీకి పల్చగా చేయడం. తలుపు కోత, మడ్‌గార్డు అంచు, వెనక పలక పై అంచు. ఈ మూడు చోట్లా ఓపికగా గీకితే నమూనా మొత్తం రేకుతో చేసినట్టు కనిపిస్తుంది. ఈ శ్రమకు దక్కే ఫలితం మరే వివరానికీ దక్కదు.

బానెట్, గ్రిల్

బానెట్ పై అంచులు గుండ్రంగా ఉంటాయి. షీటును వేడి చేసి వంచే ప్రయత్నం చేయకండి, కొలత తప్పుతుంది. పైపలక, పక్కపలకలు 1.5 మి.మీ. షీటుతో చేసి, కలిసే మూలలో లోపలి వైపు 3 మి.మీ. చదరపు పట్టీ నింపండి. పూర్తిగా ఆరాక బయటి మూలను ఆకురాయితో గుండ్రం చేయండి. లోపల పట్టీ ఉంది కాబట్టి ఎంత అరగదీసినా రంధ్రం పడదు. గుండ్రం ఎంత ఉండాలో తెలియడానికి, జీపును కొలిచిన రోజే మెత్తని తీగను బానెట్ మూల మీద వంచి తెచ్చుకుని, కాగితం మీద గీసి, తగ్గించి, అట్టలో ఆ వంపు కోసి పెట్టుకోండి. అరగదీస్తూ మధ్య మధ్యలో ఆ అట్టను ఆనించి చూస్తే రెండు వైపులా ఒకే వంపు వస్తుంది.

గ్రిల్‌ను తొందర లేని రోజు మొదలుపెట్టండి. 1 మి.మీ. షీటు మీద ముందు నిలువు మధ్యగీత గీయండి. కొలతలన్నీ ఆ గీత నుంచి రెండు వైపులకు పోవాలి. ఒక అంచు నుంచి మొదలుపెడితే చివరి చీలిక దగ్గరకు వచ్చేసరికి తేడా పోగుపడుతుంది. ప్రతి చీలికకు పైన ఒకటి, కింద ఒకటి రంధ్రం వేయండి. వేసే ముందు సూది మొనతో చిన్న గుంట చేస్తే డ్రిల్లు జారదు. రెండు రంధ్రాల మధ్య కత్తితో కోసి, సన్నని చదును ఆకురాయితో సరిచేయండి. మొదట మధ్య చీలిక, తర్వాత అటొకటి, ఇటొకటి. ఒకటి పాడైతే ముక్క పారేసి కొత్తది మొదలుపెట్టండి. ముఖం దగ్గర సర్దుబాటు పనికిరాదు.

హెడ్‌లైట్లు 7 అంగుళాల గుండ్రనివి, నమూనాలో 7.4 మి.మీ. ఆ సైజు పిడి ఉన్న డ్రిల్లు బిట్టుకు సన్నని షీటు పట్టీని చుట్టి వలయం చేయవచ్చు. లోపల మెరిసే అడుగుకు వంటింటి అల్యూమినియం రేకును నున్నగా రుద్ది పెట్టండి. పైన అద్దానికి పారదర్శక ఎపాక్సీ చుక్క ఒకటి వదిలితే ఉబ్బెత్తుగా ఆరుతుంది. వెనక లైట్లకు మంచి వస్తువు ఫ్యాన్సీ షాపులోనే ఉంది: ఎర్ర రాయి బొట్టు బిళ్లలు. అడుగు చదునుగా, పైన పలకలతో ఉంటాయి, అనేక సైజుల్లో దొరుకుతాయి.

ఛాసిస్, చక్రాలు

ఛాసిస్ రెండు పొడవాటి దూలాలు, మధ్యలో అడ్డ పట్టీలు, అంతే. కమాను పట్టీలు మాత్రం శ్రద్ధగా చేయండి. 0.25 మి.మీ. షీటు నుంచి 2 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, ఒకదాని కన్నా మరొకటి పొట్టిగా, నాలుగైదు వరసలు పేర్చండి. చిన్న సీసా మీద రబ్బరు బ్యాండుతో వంచి కట్టి జిగురు పారించండి. ఆరాక ఆ వంపు అలాగే నిలుస్తుంది. జీపుకు ముందు రెండు, వెనక రెండు. యాక్సిల్‌కు సైకిల్ స్పోకు ముక్క వాడండి, 2 మి.మీ. మందంతో నిటారుగా ఉంటుంది. బరువు మోసినా వంగదు.

చక్రం ఒకటి చేస్తే చాలు, మిగతా నాలుగూ పోత పోసుకోవచ్చు. స్టెప్నీతో కలిపి ఐదు కావాలి. 6.00-16 టైరు అంటే వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు. నమూనాలో వెడల్పు 6.35 మి.మీ., రిమ్ము 17 మి.మీ., మొత్తం వ్యాసం ఇంచుమించు 30 మి.మీ. 1.5 మి.మీ. షీటు నుంచి కాస్త పెద్దవిగా నాలుగు బిళ్లలు కోసి అతికించి, నడుమ రంధ్రం చేసి, 2 మి.మీ. కడ్డీకి బిగించండి. దాన్ని డ్రిల్లింగ్ మెషిన్‌లో పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ఉప్పు కాగితంతో గుండ్రం చేయండి. వేగం పెంచితే రాపిడికి ప్లాస్టిక్ వేడెక్కి కరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. టైరు మీది గళ్ల కోసం 0.5 మి.మీ. పట్టీ ముక్కలను ఏటవాలుగా అతికించండి. విసుగు పుట్టించే పనే అయినా, ఒక్క చక్రానికే కదా.

తర్వాత ఆ చక్రాన్ని చిన్న అట్ట పెట్టె అడుగున, బయటి వైపు పైకి ఉండేలా అతికించి, ఆర్‌టీవీ సిలికోన్ రబ్బరు (గది వేడిలోనే గట్టిపడే రకం) పోయండి. కొలత డబ్బా మీద రాసి ఉన్నట్టే కలపండి. చక్రం మీద నేరుగా కాకుండా పెట్టె మూలలో, ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే బుడగలు ధారలోనే తెగిపోతాయి. గట్టిపడ్డాక చక్రాన్ని తీసేసి, ఆ అచ్చులో ఎపాక్సీ రెసిన్ పోసుకోవడమే. రెసిన్ నగలు, కీచైన్లు చేసే సరదా పెరిగాక సిలికోన్, రెసిన్ రెండూ క్రాఫ్టు సామాను అమ్మే చోట దొరుకుతున్నాయి. చేతికి తొడుగులు తప్పనిసరి, ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు.

ఇంత పని వద్దనుకుంటే బొమ్మ కారు చక్రాలు తెచ్చి పెట్టవచ్చు, తప్పు లేదు. కానీ మెత్తని వినైల్ టైర్లయితే వాటిలోని నూనె లాంటి పదార్థం బయటికి వచ్చి, తగిలిన పాలిస్టైరిన్‌ను కరిగిస్తుంది. టైరుకూ రిమ్ముకూ మధ్య సన్నని అల్యూమినియం రేకు చుట్టండి.

లోపలి సామాను, టాపు

సీట్లకు ఎమ్‌సీల్ మంచిది. రెండు ముద్దలను కలిపి, తడి వేలితో దిండు ఆకారం ఇచ్చి, గట్టిపడకముందే పట్టకారు మొనతో కుట్టు గీతలు నొక్కండి. స్టీరింగుకు రాగి తీగను పెన్ను గొట్టానికి చుట్టి వలయం కోయండి. గేరు కర్రలకు గుండుసూదులు, తలే గుండీ అవుతుంది. బోల్టు తలలకు టూత్‌పిక్ మొనతో ఫెవికాల్ చుక్కలు పెట్టండి.

అద్దం చట్రాన్ని గాలిలో పట్టుకుని అతికించే ప్రయత్నం చేయకండి. గీసిన బొమ్మ మీద పారదర్శక టేపు అంటించి, దాని మీదే పట్టీలు పరచి జిగురు తాకించండి. టేపుకు జిగురు అంటదు, చట్రం కొలత తప్పదు. అద్దాన్ని రంగు వేశాకే పెట్టాలి. బిస్కెట్లు, బొమ్మలు వచ్చే ప్యాకింగ్ నుంచి చదునైన పారదర్శక ముక్క కోసుకోండి.

కాన్వాస్ టాపు జీపుకు అందం. రాగి తీగతో ఊచలు వంచి నిలబెట్టి, టిష్యూ కాగితం ఒక్క పొరను నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి పరచండి. ఆరుతున్నకొద్దీ ఊచల మధ్య కొద్దిగా కుంగి, అసలు కాన్వాస్ లాగే ముడతలు పడుతుంది. రెండో పొర మొదటిది పూర్తిగా ఆరాకే వేయండి. పక్క తెరలను చుట్టి తాడుతో కట్టినట్టు చేస్తే ఇంకా బాగుంటుంది.

రంగు

ముందుగా నమూనాను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. వేలి జిడ్డు మీద రంగు నిలవదు. సందులు కనిపిస్తే కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసేవారు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీని పల్చగా రుద్దండి. మందంగా పెడితే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఒక పొర, ఒక రాత్రి, ఉప్పు కాగితం, మళ్లీ పొర.

బూడిద రంగు ప్రైమర్ వేసినప్పుడే పని అసలు స్థితి తెలుస్తుంది. తెల్లని షీటు మీద కనిపించని గీతలన్నీ బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్లీ ప్రైమర్ వేయండి. స్ప్రే డబ్బా ఏదైనా సరే, ముందు మిగిలిన షీటు ముక్క మీద పరీక్షించండి. ఎన్‌సీ తిన్నర్ ఉన్న రంగులు పాలిస్టైరిన్‌ను మెత్తబరుస్తాయి. ప్రైమర్ మీద, దూరం నుంచి, మంచు పడ్డట్టు పల్చని పొరలుగా వేస్తే ఇబ్బంది ఉండదు. 20 నుంచి 25 సెం.మీ. దూరంలో పట్టుకుని, నమూనా బయట మొదలుపెట్టి అవతలి వైపు బయటే ఆపండి.

మన వాతావరణంలో తేమను గమనించుకోవాలి. వానాకాలంలో, కోస్తాలో తేమ ఎక్కువగా ఉన్న పూట లాకర్ రంగు వేస్తే పైన తెల్లని పొగలా కమ్ముతుంది. గాలి పొడిగా ఉన్న రోజు దాకా ఆగండి. చలికాలంలో డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే ధార సమంగా వస్తుంది. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్లకండి.

ఏ రంగు వేయాలనేది మీ ఇష్టం. రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ వేయరాదని మన మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. కాబట్టి ఆ రంగు వేస్తే మీది సైనిక జీపే అవుతుంది, నంబరు ప్లేటు కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఇప్పటి సొంత జీపైతే తెల్ల ప్లేటు, నల్ల అక్షరాలు. 1989కి ముందు నాటి బండిగా చూపాలనుకుంటే ఇప్పటిలా రాష్ట్రం కోడ్, జిల్లా అంకె వేయకండి, అప్పట్లో సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్లగా మూడు అక్షరాలు, వాటి వెనక అంకెలు ఉండేవి. ఇలాంటి చోట కాలం కలిస్తేనే నమూనా నమ్మకంగా ఉంటుంది. ప్లేటును లేజర్ ప్రింటరుతో తీసి 0.25 మి.మీ. షీటుకు అంటించండి.

దుమ్ము చివర్లో. రంగు సుద్దముక్కలను ఉప్పు కాగితం మీద రుద్దితే మెత్తని పొడి వస్తుంది. తెలంగాణ చెల్కల్లో తిరిగే జీపుకు ఎర్రమట్టి రంగు, నల్లరేగడి పొలాల జీపుకు ముదురు బూడిద గోధుమ. నిజమైన మట్టి వాడకండి, 1:24లో దాని రేణువులు గులకరాళ్లలా కనిపిస్తాయి. చక్రాల వెనక, మడ్‌గార్డుల అడుగున, వెనక పలక మీద ఎక్కువ. బానెట్ మీద తక్కువ. డ్రైవరు చేయి ఆనే చోట, కాలు పెట్టి ఎక్కే చోట దుమ్ము ఉండదు, రంగు అరిగి ఉంటుంది.

షాపులో కొన్న బొమ్మను మార్చాలంటే

కొత్తగా కట్టే ఓపిక లేని రోజున లోహపు బొమ్మ జీపును మార్చడం మంచి సాధన. ముందు దాని నిష్పత్తి మీరే తేల్చుకోండి. అసలు బండి చక్రాల మధ్య దూరాన్ని బొమ్మలోని దూరంతో భాగించండి. 80 అంగుళాలంటే 2032 మి.మీ., బొమ్మలో అది 47 మి.మీ. ఉంటే, 2032ను 47తో భాగిస్తే 43 వస్తుంది, అంటే అది 1:43. పెట్టెలో పట్టేలా కుదించిన బొమ్మలకు పొడవు ఒక నిష్పత్తిలో, ఎత్తు మరో నిష్పత్తిలో వస్తాయి. అలాంటి వాటిని వదిలేయండి. అడుగున ఉన్న రివెట్ తలను డ్రిల్లుతో తీసి, రంగును పెయింట్ రిమూవర్‌తో ఆరుబయట, తొడుగులు వేసుకుని తొలగించండి. మళ్లీ బిగించడానికి రివెట్ ఉన్న చోట చిన్న స్క్రూ సరిపోతుంది. టాపు, స్టెప్నీ, బంపర్ లాంటివి పైన చెప్పిన పద్ధతుల్లోనే చేసి చేర్చవచ్చు.

పూర్తయిన నమూనాను ఎండ పడే కిటికీ దగ్గర, వేసవిలో ఆపి ఉంచిన కారులో పెట్టకండి, పల్చని పలకలు వంకర పోతాయి. బీరువాలో దాచేట్టయితే అందులో కలరా ఉండలు లేకుండా చూసుకోండి. నాఫ్తలీన్ ఆవిరికి పాలిస్టైరిన్ మెత్తబడుతుంది.